మన ఊళ్లో తెరుచుకోని యాప్ బెంగళూరులో తెరుచుకుంది

ప్రొద్దుటూరోడు · నవంబరు 9, 2025, ఆదివారం, రాత్రి 9:40

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుకుని వెళ్లిపోతుంటా. ఇందులో రాజకీయం, క్రికెట్, ఇంటి గొడవ మూడూ ఉన్నాయి. ఏ విభాగంలో పెట్టాలో తెలీక ఇక్కడ పెడుతున్నా.

నేనూ మా తమ్ముడూ మారతహళ్లి దగ్గర ఒక ఆంధ్రా పీజీలో ఉంటాం. పోయిన ఆదివారం ఆడవాళ్ల వరల్డ్ కప్ ఫైనల్. వాన వల్ల ఐదింటికి గానీ మొదలు కాలేదు. హాల్లో టీవీ ముందు ముప్పై మంది దాకా ఉన్నాం. మా కడప జిల్లా పిల్ల శ్రీ చరణి, బాష్‌ని సున్నాకే ఎల్బీ చేసినప్పుడు మావాళ్ల అరుపులకి పక్క బిల్డింగ్‌లో లైట్లు వెలిగాయి. అర్ధరాత్రి దాటాక దీప్తి బంతికి హర్మన్‌ప్రీత్ వెనక్కి పరిగెత్తి క్యాచ్ పట్టింది. 52 పరుగులతో గెలిచాం.

పడుకోబోతుంటే ఒక విషయం తట్టింది. ఆ రాత్రి ఎవ్వరూ ఫోన్ చూసుకోలేదు. "నా కెప్టెన్‌కి ఎన్ని పాయింట్లు" అని ఎవ్వరూ అడగలేదు. ఫాంటసీ క్రికెట్ యాప్‌ల సంగతి చెప్తున్నా: డబ్బు పెట్టి, మ్యాచ్ ఆడేవాళ్లతో మన టీమ్ కట్టుకుంటాం, వాళ్ల ఆటని బట్టి మనకి పాయింట్లు. ఇదే హాల్లో ఏప్రిల్‌లో ఐపీఎల్ చూస్తుంటే, కోహ్లీ ఫోర్ కొట్టినప్పుడల్లా నలుగురైదుగురు మొహాలు మాడ్చుకునేవాళ్లు. అవతలి బౌలర్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నారు మరి, కెప్టెన్‌కి పాయింట్లు రెండింతలు. బెంగళూరులో కూర్చుని, బెంగళూరు జెర్సీ వేసుకుని, బెంగళూరు వికెట్లు పడాలని మొక్కుకోవడం!

అలాంటివి ఆపేస్తూ కేంద్రం ఈ ఏడాది చట్టం తెచ్చింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్. ఆ వారంలోనే యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మా తమ్ముడి వాలెట్‌లో 212 రూపాయలు మిగిలి ఉంటే అవి వెనక్కి వచ్చాయి.

పోయినవి మూడు లక్షల నలభై వేలు.

వాడికి 24 ఏళ్లు. డిగ్రీ అయ్యి ఊళ్లో ఉన్నప్పుడే ఆ యాప్ వేసుకున్నాడు. "మీ రాష్ట్రంలో డబ్బుతో ఆడటానికి లేదు" అని వచ్చేది. మన ఆంధ్రలో 2020లోనే ఆపేశారు కదా. 2023లో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. మడివాళలో బస్సు దిగిన వారానికి అదే ఫోన్‌లో అదే యాప్ తెరుచుకుంది. మొదట 49 రూపాయల పోటీలు, తర్వాత రోజుకి పది టీమ్‌లు, ఆ తర్వాత రమ్మీ. జీతం 27 వేలు. ఇప్పుడు రెండు క్రెడిట్ కార్డులు, నాలుగు లోన్ యాప్‌లు బాకీ.

చట్టం మంచిదే అంటాను. కానీ ప్రొద్దుటూరులో నేరమైంది బెంగళూరులో సరదా ఎలా అయింది, అది కూడా మూడేళ్లు? రెండో ప్రశ్న సొంతది. నాన్నకి చెప్పాలా వద్దా? ఆయన బట్టల షాపులో గుమస్తా. ఊరికి ఆనుకుని అరెకరం ఉంది.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్ · రాత్రి 9:58

బాధగానే ఉంది బ్రో, కానీ ఒక మాట. యాప్ తెరుచుకుంది సరే, తెరిచింది ఎవరు? మా రూమ్‌లో ఆరుగురం ఆడాం, ఐదుగురం వెయ్యి, రెండు వేలు పోగానే మానేశాం. ప్రతిదానికీ ప్రభుత్వం వచ్చి చెయ్యి పట్టుకోవాలంటే రేపు సిగరెట్ కూడా ఆపాలి, బార్ కూడా మూయాలి. 24 ఏళ్లంటే ఓటు వేసే వయసు.

ప్రొద్దుటూరోడు · రాత్రి 10:05

తప్పు వాడిది కాదని నేను ఎక్కడా అనలేదు. వాడూ అనడం లేదు. మీ ఆరో రూమ్‌మేట్ సంగతి రాయలేదు మీరు.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్ · రాత్రి 10:31

ఉద్యోగం మానేసి అనంతపురం వెళ్లిపోయాడు. సరే, అర్థమైంది.

మోడరేటర్ · రాత్రి 10:40

చర్చ బాగుంది, కొనసాగించండి. యాప్ పేర్లు, లింకులు, "ఇంకా నడుస్తున్న సైట్లు" అంటూ సలహాలు పెడితే తీసేస్తాం. ఇప్పటికే రెండు తీసేశాం.

నెల్లూరు పీజీ · రాత్రి 11:12

నేను పీజీ నడుపుతాను, బీటీఎంలో పన్నెండేళ్లుగా. 94 మంచాలు. అబ్బాయ్, ఈ సంగతి మాకు మీకంటే ముందే తెలుస్తుంది. ఐపీఎల్ మొదలైతే అద్దెలు ఆలస్యం. "అంకుల్, జీతం పడలేదు" అంటారు. జీతం ఒకటో తేదీకే పడిందని అదే కంపెనీలో చేసే పక్క మంచం కుర్రాడు చెప్తాడు. తర్వాత లాప్‌టాప్ కనపడదు. రిపేరుకి ఇచ్చానంటాడు. పోయిన ఏడాది ఒక పిల్లవాడు అడ్వాన్స్‌లో కోసుకోమని మూడు నెలలు ఉండి, రాత్రికి రాత్రి బ్యాగు సర్దుకుని పోయాడు. నేను ఫోన్ చేయలేదు. ఏం అడుగుతాం?

ఆగస్టు తర్వాత తగ్గింది, అబద్ధం చెప్పను. పూర్తిగా పోయిందా అంటే లేదు. టెలిగ్రామ్‌లో ఎవడో లింకు పంపుతాడట, యూపీఐకి డబ్బు కొడితే ఐడీ ఇస్తాడట. ఇదివరకు పోతే కంపెనీ పేరైనా తెలిసేది, ఇప్పుడు అదీ లేదు.

హైకోర్టు మెట్లు · నవంబరు 10, సోమవారం, ఉదయం 7:20

లా చదివాను, బెంగళూరులోనే ప్రాక్టీసు. సరిహద్దు ప్రశ్నకి జవాబు ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఏ రాష్ట్రం చట్టం దానిదే. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో తమ పాత గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని ఆపాయి. కర్ణాటక కూడా ఊరుకోలేదు. 2021లో పోలీసు చట్టాన్ని సవరించి నిషేధించింది. కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. 2022 ఫిబ్రవరి 14న హైకోర్టు ఆ సవరణలో ముఖ్యమైన భాగాల్ని కొట్టేసింది. అంటే మీ తమ్ముడు 2021 చివర్లో వచ్చి ఉంటే ఇక్కడా తెరుచుకునేది కాదు. 2023లో వచ్చాడు కాబట్టి తెరుచుకుంది.

కొట్టేయడానికి కారణం "నైపుణ్యం" అనే మాట. దాని మూలం ఎక్కడుందో తెలుసా? మన దగ్గరే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1968లో తీర్పు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అది మూడు ముక్కలాట లాంటిది కాదు, ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆ ఆట మీద క్లబ్బు లాభం తీస్తుంటే అది నేరం కావచ్చు అని. కంపెనీల లాయర్లు మొదటి మాటని యాభై ఏళ్లు వాడుకున్నారు, రెండో మాటని ఎవరూ గట్టిగా చదవలేదు. ఇది నా అభిప్రాయం, కోర్టుది కాదు.

2025 చట్టం ఈ తేడానే తీసి పారేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెడితే నిషేధమే. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు, అతన్ని బాధితుడిగా చూశారు. రాష్ట్రాల పరిధిలోని విషయం మీద కేంద్రం చట్టం చేయొచ్చా అన్న కేసులు ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్నాయి. కాబట్టి ఇది ఇంకా తేలలేదు.

టి.నగర్ తెలుగు · ఉదయం 8:02

చెన్నై నుంచి. మా దగ్గర మధ్యేమార్గం పట్టారు. రమ్మీ, పోకర్ మీద నిషేధం కోర్టులో నిలబడకపోతే, ఆధార్ ఉండాలి, రాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా ఆట ఉండకూడదు అని నిబంధనలు పెట్టారు. మద్రాసు హైకోర్టు ఈ జూన్‌లో వాటిని సమర్థించింది. రెండు నెలలకే కేంద్రం చట్టం వచ్చింది, ఆ ప్రయోగం ఎలా నడిచేదో చూసే అవకాశమే లేకుండా పోయింది.

కోరమంగళ బ్యాక్ఎండ్ · ఉదయం 9:15

తిట్టుకుంటే తిట్టుకోండి. నేను అలాంటి కంపెనీలో పని చేశాను, ఆగస్టు చివర్లో ఉద్యోగం పోయింది. నా టీమ్‌లో ఉన్నవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే. కస్టమర్ కేర్‌లో హిందూపురం, చిత్తూరు పిల్లలు. సభలో గొడవ మధ్య మూజువాణి ఓటుతో బిల్లు పాసైపోయింది. చర్చ ఏది? బుధవారం లోక్‌సభ, శుక్రవారానికి చట్టం.

ఇంకోటి. 2023 అక్టోబరు నుంచి ఆటలో వేసిన పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ తీసుకున్నారు. గెలిస్తే 30 శాతం టీడీఎస్. పోయినదాన్ని జీతంలో తగ్గించి చూపించుకోవడానికి లేదు. అన్నాళ్లు పన్ను తీసుకున్నప్పుడు ఇది సామాజిక సమస్య అని తెలీదా? నేను నేరస్తుణ్ణి కాదు, పన్ను కట్టే కంపెనీలో కోడ్ రాసినవాణ్ణి.

రెండో షిఫ్ట్ · ఉదయం 9:41

కోడ్ రాసినవారిని ఒక ప్రశ్న అడగొచ్చా? రాత్రి రెండింటికి మా ఆయన ఓడిపోయిన వెంటనే "మీకోసం 100 రూపాయల బోనస్" అని మెసేజ్ వచ్చేది. అది ఎవరు రాస్తారు?

కోరమంగళ బ్యాక్ఎండ్ · ఉదయం 10:20

అది వేరే టీమ్ అండి.

ఇలా జవాబిచ్చి పావుగంట నుంచి దీన్నే చూస్తున్నా. వేరే టీమే, కానీ ఎవరు ఎప్పుడు ఆడటం మానేశారో చూపించే రిపోర్టు మా టీమ్‌దే. సారీ.

కోనసీమ కొబ్బరి · ఉదయం 11:06

అందరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు గానీ సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందాల బరులు చూశారా? ఫ్లడ్ లైట్లు, పెద్ద తెరలు, పక్కనే గుండాట. కోర్టు వద్దంటుంది, పోలీసులు ముందురోజు కత్తులు పట్టుకున్నామని ఫొటో దిగుతారు, మూడు రోజులు అన్నీ నడుస్తాయి. బరి ఊళ్లో ఉంటే సంప్రదాయం, ఫోన్‌లో ఉంటే జూదమా? (నేనూ ప్రతి ఏడాదీ వెళ్తాను, ఆ సంగతి కూడా చెప్పేస్తున్నా.)

ప్రొద్దుటూరోడు · ఉదయం 11:30

మా వైపు మట్కా ఉండేది అన్నా. చీటీ రాసేవాడు ఫలానా వీధిలో ఫలానా అరుగు మీద ఉంటాడని అందరికీ తెలుసు. ఎవరు రాయించారో సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోయేది. మా తమ్ముడిది రెండేళ్లు పక్క మంచం మీద ఉన్న నాకే తెలీలేదు.

రేస్‌కోర్సు తాత · మధ్యాహ్నం 12:45

నాకు 71. గుంతకల్లు నుంచి 1978లో వచ్చాను. ఇక్కడి గుర్రప్పందాలు నలభై ఏళ్లు ఆడాను, దాచేది లేదు. దానికీ 1996లో సుప్రీంకోర్టు నైపుణ్యం ముద్ర వేసింది, మద్రాసు కేసులో. నైపుణ్యంతో నేను బసవనగుడిలో కొనాల్సిన సైటు పోగొట్టుకున్నాను.

కానీ బాబూ, తేడా ఒకటి ఉంది. నేను వెళ్లేటప్పుడు తిరుగు బస్సు ఛార్జీ చొక్కా లోపలి జేబులో వేరే పెట్టుకునేవాణ్ణి. జేబు ఖాళీ అయితే ఇంటికి రావాల్సిందే, అప్పు ఇచ్చేవాడు అక్కడే నిలబడి ఉండడు. పైగా రాత్రి రెండింటికి గుర్రం పరిగెత్తదు. గుర్రానికైనా నిద్ర ఉంది.

సిల్క్‌బోర్డ్ సిగ్నల్ · మధ్యాహ్నం 12:58

తాతగారికి దండం. ధర్మరాజుకి కూడా కనీసం శకుని ఎదురుగా కూర్చున్నాడు, మనకి ఎదురుగా ఎవడున్నాడో తెలీదు.

జెర్సీ నంబర్ 10 · మధ్యాహ్నం 1:30

వాతావరణం బరువెక్కింది, మధ్యలో ఒక ముక్క. ఈ చట్టం వల్ల ఆసియా కప్‌లో మన జట్టు జెర్సీ మీద స్పాన్సర్ పేరే లేదు, గమనించారా? ఖాళీ జెర్సీతోనే తిలక్ వర్మ ఫైనల్లో 69 నాటౌట్ కొట్టాడు. మన హైదరాబాద్ కుర్రాడు. నాకైతే ఆ జెర్సీయే అందంగా కనపడింది. తర్వాత అపోలో టైర్స్ వచ్చింది. సహారా, బైజూస్, ఆ తర్వాత ఈ గేమింగ్ కంపెనీ... ఆ జెర్సీ మీద పేరు పడితే ఆ కంపెనీకి ఏలినాటి శని పట్టుకుంటుంది. టైర్ల వాళ్లు ముందే శాంతి చేయించుకుంటే మంచిది.

సీరియస్‌గా చెప్పాలంటే నాకు కోపం ఆటగాళ్ల మీద. ప్రకటన మొత్తం నెమ్మదిగా నవ్వుతూ చెప్తారు. చివర్లో "ఆర్థిక నష్టం ఉండొచ్చు, అలవాటుగా మారొచ్చు" అన్నది మాత్రం గుక్క తిప్పుకోకుండా లాగిస్తారు. ఆ గొంతు కూడా వాళ్లది కాదు. సినిమావాళ్ల మీద తెలంగాణలో మార్చిలో కేసులు పెట్టారు. సజ్జనార్ గారు ఆర్టీసీలో ఉండగానే దీని మీద రోజూ వీడియోలు పెట్టేవారు, బస్సుల పని చూసుకోక ఇదెందుకని అప్పుడు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నా.

హైకోర్టు మెట్లు · మధ్యాహ్నం 2:10

ప్రభుత్వం చెప్పిన లెక్క ఏంటంటే, ఏటా 45 కోట్ల మంది కలిపి 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని. తలకి 444 రూపాయలు. సినిమా టికెట్టు, పాప్‌కార్న్ ఖర్చు. ఈ సగటు చూపించి కంపెనీలు "ఇది వినోదం" అనగలవు. ప్రొద్దుటూరు అన్న తమ్ముడు ఆ సగటులో కనపడడు. ఒక్కడి మూడు లక్షల నలభై వేలు 444 కావాలంటే, ఏమీ పోగొట్టుకోని ఏడు వందల అరవై అయిదు మందిని పక్కన నిలబెట్టాలి.

రెండో షిఫ్ట్ · రాత్రి 11:50

ఇప్పుడే డ్యూటీ అయింది. చట్టం సంగతి మీరంతా మాట్లాడారు, రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను, ఎందుకంటే నా గొలుసు అందులోనే పోయింది.

తమ్ముడూ, ముందు నాన్నగారికి చెప్పు. మేము మా మామగారికి ఏడాది చెప్పలేదు. ఆ ఏడాదిలోనే అప్పు రెండింతలైంది, ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాడు. దాచిపెట్టడానికి అయిన ఖర్చే ఎక్కువ.

రెండోది, అరెకరం అమ్మొద్దు. ఒక కాగితం మీద ఎవరికి ఎంత, ఏ వడ్డీకి అని వాడి చేతే రాయించు. క్రెడిట్ కార్డు నెలకి మూడున్నర శాతం, ఏడాదికి 42. కనీస మొత్తం కట్టుకుంటూ పోతే అసలు కదలదు. మీ ఇద్దరిలో ఎవరి జీతం పడే బ్యాంకులోనైనా పర్సనల్ లోన్ వస్తే దాంతో కార్డులు మూసేయి. డబ్బు వాడి చేతికి ఇవ్వొద్దు, నువ్వే కట్టు. కార్డువాళ్లు "సెటిల్‌మెంట్ చేసుకోండి, సగం కట్టండి" అంటారు. వినడానికి బాగుంటుంది, కానీ మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, తర్వాత ఇంటి లోన్‌కి వెళ్తే అదే అడ్డం. వీలైతే పూర్తిగా కట్టి "క్లోజ్డ్" అనిపించుకో. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, ఆర్‌బీఐ నియమం. చేస్తే టైముతో సహా రాసిపెట్టు.

మూడోది చాలామంది నవ్వుతారు. ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ అని ఉంది, ఫోన్, ఆటల వ్యసనాల కోసమే 2014లో పెట్టారు. మా ఆయన్ని తీసుకెళ్లాను. మొదటిరోజు బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ముగ్గురు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 14416, టెలి మానస్, తెలుగులోనూ మాట్లాడతారు. మా ఆయన ఆరు నెలలుగా ఆడలేదు. ఆరు నెలలు అంటున్నాను, మానేశాడు అనడం లేదు.

నెల్లూరు పీజీ · నవంబరు 11, మంగళవారం, ఉదయం 6:30

అమ్మా, మీరు రాసింది ప్రింటు తీసి నోటీసు బోర్డు మీద పెట్టుకోవచ్చా? ఇప్పుడు దాని మీద ఆదివారం చికెన్ టైమింగ్స్ తప్ప ఏమీ లేవు.

రెండో షిఫ్ట్ · ఉదయం 6:52

పెట్టుకోండి అంకుల్. గొలుసు సంగతి మాత్రం తీసేయండి.

కోనసీమ కొబ్బరి · ఉదయం 8:15

తమ్ముడికి కీప్యాడ్ ఫోన్ ఇస్తే సరిపోతుంది కదా?

కోరమంగళ బ్యాక్ఎండ్ · ఉదయం 8:40

ఆఫీసు లాగిన్‌కి, అటెండెన్స్‌కి, మెట్రో టికెట్టుకి, టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీకి కూడా స్మార్ట్‌ఫోన్ కావాలండి ఈ ఊళ్లో. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించుకోవచ్చు, కొన్ని బ్యాంకుల యాప్‌లలోనే ఉంటుంది. 500 పెట్టించండి. పెంచాలంటే అన్నని అడగాలి అన్న ఒప్పందం మీద. ప్రొద్దుటూరు అన్నా, ఎలా చేయాలో తెలియకపోతే నాకు మెసేజ్ పెట్టండి, ఆదివారం వచ్చి చేసి పెడతాను. మారతహళ్లికి దగ్గర్లోనే ఉంటాను. ప్రస్తుతం ఖాళీయే.

ప్రొద్దుటూరోడు · నవంబరు 12, బుధవారం, రాత్రి 10:25

నిన్న రాత్రి నాన్నకి చెప్పాను. స్పీకర్ పెట్టి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని.

ఎంత అని అడుగుతాడనుకున్నా. మొదట అడిగింది వడ్డీ ఎంత అని. కార్డుకి నూటికి మూడున్నర రూపాయలు అని చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మన బజార్లో మూడు రూపాయలకి ఇచ్చేవాణ్ణి జలగ అంటారు గదరా, వానికి బ్యాంకు అని పేరు పెట్టినారా" అన్నాడు. తర్వాత తమ్ముణ్ణి తిట్టాడు, అది ఇక్కడ రాసేది కాదు. అమ్మ ఫోన్ తీసుకుని ఏడ్చింది. అరెకరం మాట నేను ఎత్తలేదు, ఆయనే ఎత్తాడు. వద్దన్నా. నా జీతం మీద లోన్‌కి ఇవాళ దరఖాస్తు పెట్టా. 14416కి తమ్ముడే చేశాడు, నేను గది బయట నిలబడ్డా.

చట్టం కోర్టులో నిలుస్తుందో లేదో నాకు తెలీదు. కొట్టేస్తే ఆ యాప్ మళ్లీ తెరుచుకుంటుంది. ఆ భయం ఉంది. బ్యాక్ఎండ్ అన్నా, ఆదివారం రండి, మధ్యాహ్నం చికెన్ ఉంటుంది.

రేస్‌కోర్సు తాత · రాత్రి 10:50

మీ నాన్నగారితో ఒకసారి మాట్లాడాలని ఉంది. వడ్డీ సంగతి ముందు అడిగాడంటే లెక్క తెలిసిన మనిషి.

జెర్సీ నంబర్ 10 · రాత్రి 11:05

శుక్రవారం నుంచి ఈడెన్‌లో దక్షిణాఫ్రికాతో టెస్టు. పీజీ హాల్లో పెడుతున్నారా?

నెల్లూరు పీజీ · నవంబరు 13, గురువారం, ఉదయం 6:10

తొమ్మిదిన్నరకి టీవీ ఆన్ చేస్తా. ఆఫీసు ఎగ్గొట్టి చూసేవాళ్లకి మధ్యాహ్నం భోజనం పెట్టను. నైట్ షిఫ్ట్ వాళ్లకి మాత్రమే.